తోకదీపం

గూడ్సు ఎంత పొడుగున్నా, తోకన ఎర్రదీపం కనబడితేనే మొత్తం వచ్చినట్టు. ఇప్పుడు జహీరాబాద్ స్టేషన్ దాటిన గూడ్సుకు ఆ దీపం లేదు. అంటే వెనక వ్యాగన్లు తెగి, చీకట్ల పట్టాల మీదనే నిలబడ్డయి.

అక్కడి స్టేషన్ మాస్టర్ హఫీజుద్దీన్ ఫోనుకు ఉరకబోయిండు. అంతల్నే ఒక ఎర్రదీపం ఊగుకుంట వచ్చి, ప్లాట్‌ఫారం పొడుగునా సాగిపోయింది.

"యా అల్లా, వచ్చింది," అనుకున్నడు.

కానీ చక్రాల చప్పుడు లేదు.

ఉరికిపోయి, గూడ్సు దాటి వచ్చిన వెనక స్టేషన్ల మాస్టర్ రామ్‌కిషన్‌కు ఫోన్ చేసిండు. "సాబ్, లైన్ ఖాళీ లేదు! వెనక వచ్చే ప్యాసింజర్ బండిని ఆపుండ్రి, జనం సస్తరు!"

అటు దిక్కు రామ్‌కిషన్ రిజిస్టర్ తిప్పిన చప్పుడైంది.

"గట్లంటరేంది సాబ్? గూడ్సు మొత్తం వచ్చిందని ఇప్పుడే ఫోన్ల మీరే చెప్తిరి గద, మీ గొంతే. ప్యాసింజర్‌ను వదిలేసిన."

ఫోన్ల, రామ్‌కిషన్ గొంతు వెనక, కదిలిపోతున్న ప్యాసింజర్ చక్రాల చప్పుడు వినబడుతున్నది.