వేరు పట్టేదాకా

“రావయ్యా సెల్విన్, రా! ఈ ఇల్లే. పేరుకి పిల్లల్ని చూసుకుంటుందట, పెంచేది మాత్రం దోమల్ని!”

ఊరంతా గౌరవంగా ‘డోన్యా’ అని పిలిచే తాంచా, నెరిస్ ఇంటి గుమ్మం ముందు నిలబడి వీధంతా వినబడేలా అరుస్తోంది. చోలుతేకా ఊరి ఎండకి మామూలుగా అరుగుల మీద కూడా ఎవరూ కూర్చోరు. ఇవాళ మాత్రం తలుపు తలుపుకీ ఓ తల బయటికొచ్చింది. ఎవరి పరువో బజారున పడుతుంటే ఎండ ఎవరిక్కావాలి?

ఆమె వెనకే ఆరోగ్యశాఖ సంచి భుజాన వేసుకుని సెల్విన్ వచ్చాడు. దోమలు ఎక్కడ పుడుతున్నాయో వెతకడం అతని పని. పసిపిల్లలుండే చోట దోమపిల్ల ఒక్కటి కనబడినా సరే, తలుపు మీద కాగితం అంటించి మూయించాల్సిందే.

“మా మనవడు ఓల్విన్ డెంగీతో మూలుగుతున్నాడయ్యా. వాడు ఇల్లు దాటితే వచ్చేది ఈవిడ దగ్గరికే. ఇక్కడ కాకపోతే ఎక్కడ అంటుకుంది? మా ఇంట్లోనా?”

“మీ ఇంటి సంగతి నాకు తెలీదా డోన్యా తాంచా! అక్కడ చూడాల్సిన పనే లేదు. మా ఆవిడ రోజూ మీ పేరే తలుచుకుంటుంది. మొన్నటి కొమ్మకి థాంక్స్...”

“అయ్యయ్యో, నోరు మూసుకో! మొక్క ఇచ్చినవాళ్లకి థాంక్స్ చెబితే వేరు పట్టదు.”

నిజానికి ఆమె పెరడంటే పెరడే. నిమ్మగడ్డి, బంతి, రుద్రజడ, ఘాటు వాసన వేసే మొక్కలన్నీ అక్కడే ఉంటాయి. ఆ వాసనకి దోమ గడప తొక్కదని ఊళ్లో అందరి నమ్మకం. ఎవరింట్లో బిడ్డ పుట్టినా తన చేత్తో ఓ కొమ్మ తుంచి ఇచ్చి వస్తుంది. మంచి మనిషే, కాదనం. ఆ సంగతి ఆమెకే కాస్త ఎక్కువ తెలుసు, అంతే.

నెరిస్ గుమ్మంలోకి వచ్చింది. చంకలో ఓ పాప, గౌను పట్టుకుని మరొకడు. ఖర్బూజాల షెడ్డులో పనిచేసే ఆడవాళ్లంతా పిల్లల్ని వదిలివెళ్లేది ఆమె దగ్గరే. అది మూతపడితే ఆమె పొయ్యి ఒక్కటే కాదు, వీధిలో సగం పొయ్యిలు ఆరిపోతాయి.

“చూసుకోండి సార్,” అంది, పక్కకి తప్పుకుని.

సెల్విన్ ముందు నీళ్ల తొట్టి చూశాడు. గోడలకి బ్లీచింగూ సబ్బుపొడీ కలిపి పూసి, తోమి, కడిగిన తొట్టి తళతళలాడుతోంది.

“ఆ టైరు చూడు, ఆ టైరు!” అంది తాంచా.

“అది ఉయ్యాల డోన్యా. అడుగున చిల్లులు కూడా పెట్టారు. చుక్క నీరు నిలవదు.”

“అయితే లోపల చూడు. నిప్పు లేనిదే పొగ రాదు!”

లోపల పిల్లలు చాపల మీద వరసగా నిద్రపోతున్నారు. వాళ్ల తలల పైన, కిటికీ గట్టు మీద, తెర వెనక కొన్ని గాజు సీసాలున్నాయి. సీసా సీసాలోనూ నీళ్లు, ఓ పచ్చటి కొమ్మ. సెల్విన్ వంగి టార్చి వేశాడు. చాలాసేపు చూశాడు.

“లార్వా,” అన్నాడు మెల్లగా. “అన్నిట్లోనూ మెదులుతోంది.”

నెరిస్ చంకలోని పాపని దగ్గరికి పొదువుకుంది.

“చెప్పలేదూ!” తాంచా గొంతు గుమ్మం దాటి వీధిలో పడింది. “పైన పటారం, లోన లొటారం! పసిపిల్లల నెత్తి మీద దోమల్ని పెట్టింది ఎవరే? చెప్పు! అందరూ వినేలా చెప్పు!”

నెరిస్ తలెత్తి ఆమెకేసి ఒక్కసారి చూసింది. అంతే.

“నేనే పెట్టాను సార్.”

“ఎక్కడివమ్మా ఇవి?”

“బజార్లో కొన్నాను.”

బజార్లోనా? తాంచా దగ్గరికెళ్లి తెర లాగింది. సీసాల మెడలకి ఎర్రదారం. దిష్టి తగలకుండా మూడు ముళ్లు. ఆ ముళ్లు వేసే చేయి ఊళ్లో ఒక్కటే ఉంది.

ఆ చెయ్యి తెర మీదే ఉండిపోయింది. తను అన్న మాటలు తనకే వినబడ్డాయి: ‘వేరు పట్టేదాకా నీళ్లు మార్చకే నెరిస్. తగ్గితే కాసిని పొయ్యి, అంతే. పాతనీళ్లలోనే వేరు దిగుతుంది.’ పాపం నెరిస్, చెప్పింది చెప్పినట్టు చేసింది. ఇప్పుడు జ్వరపడ్డ పిల్లాడున్న ఇంటిమీదికి మాట రానివ్వకుండా తన నెత్తిన వేసుకుంది. ఆ ఇంట్లో, ఓల్విన్ తలగడ దగ్గర, అన్నిటికన్నా పెద్ద సీసా ఉంది. దాన్ని పెట్టింది వాడి అమ్మమ్మే, అంటే తనే.

ఒక్కమాట చాలు, ‘నావే’ అని. ఇందాకట్నుంచి వీధిని దద్దరిల్లించిన నోరు ఆ ఒక్కమాటకి పెగల్లేదు. గుమ్మంలో ఇరుగుపొరుగు అందరూ ఉన్నారు. తాంచా సిగ్గుతో చచ్చిపోతూ నేల చూసింది. 

సెల్విన్ తలుపు మీద కాగితం అంటించాడు. నెరిస్ పిల్లల్ని ఒక్కొక్కరినే నిద్రలేపి చెప్పులు తొడుగుతోంది.

“ఈ నీళ్లు కాలవలో పోయకూడదు, ఎండలో మట్టి మీదే పొయ్యాలి,” అంటూ అతను సీసాలు వాకిట్లోకి తెచ్చాడు. ఒకటి ఒంపాడు. ఇంకొకటి ఒంపాడు. ఆ తర్వాతది ఒంపబోయి ఆగాడు. బొటనవేలితో దాని మెడ దగ్గర ముళ్లు తడిమాడు. తలెత్తి తాంచాని చూశాడు. 

“డోన్యా తాంచా... మా చంటిదాని ఉయ్యాల దగ్గర మీరు పెట్టిన సీసాకీ ఇదే దారం.”