ముప్పై ఎనిమిది బొటనవేళ్ళు

"పని ఆపి అందరూ వరసలో నిలబడండి. వేలిముద్ర వేయాలి" అని గుమస్తా నాగేంద్రబాబు షెడ్డు గుమ్మంలోంచి అరిచాడు.

మిర్చి ఘాటుకి ముక్కూ చెవులూ కలిపి గుడ్డ బిగించుకున్న హనుమాయమ్మకి అది "వేడిముద్ద" అని వినిపించింది. ఇన్నేళ్ళలో ఒక్క పూట టీనీళ్ళు పోయని షెడ్డులో ముద్దేమిటని ఆమె ఆలోచించలేదు. ఆకలి ఆలోచించనివ్వదు. క్యారేజీ మూత పట్టుకుని అందరికంటే ముందు వెళ్ళి నిలబడింది. గుమస్తా ఆ మూత పక్కకి నెట్టి ఇంకు ప్యాడ్ చూపించాడు. ముద్దకీ ముద్రకీ ఒక్క వత్తే తేడా. కడుపుకి మాత్రం చాలా తేడా.

ఎవరూ నవ్వలేదు.

ప్రత్తిపాడు రోడ్డులో ఉన్న ఆ షెడ్డులో ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు ఎండు మిరపకాయలకి తొడిమలు తీస్తారు. యజమాని కోటిలింగం. తన మనసు చాలా దొడ్డదని అతనే చెప్పుకుంటాడు. అంత దొడ్డ మనసుకీ కూలీలకో దొడ్డి కట్టించాలని పన్నెండేళ్ళుగా తోచలేదు. ఆఫీసు గదికి ఉంది, దానికి తాళముంది. ఆడవాళ్ళకి గోడ వెనక ముళ్ళ తుమ్మలున్నాయి. అందుకే పొద్దున ఎనిమిదింటికి కూర్చున్న మనిషి సాయంత్రం ఆరింటిదాకా గుక్కెడు నీళ్ళు తాగదు. తాగితే లేవాలి. లేస్తే వెంకటరావమ్మ చూస్తుంది.

వెంకటరావమ్మ కోటిలింగం తల్లి. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో రోజంతా ఆవిడ కాపలా. ఎవరు లేచారు, ఎన్నిసార్లు లేచారు, ఎంతసేపటికి వచ్చారు, అన్నీ ఆవిడకి కావాలి. నీ పేరేంటే, ఏ ఊరే, ఎన్నో నెలే, మొన్న పనికి ఎందుకు రాలేదే అని ఒకటే ఆరాలు. ఆ ఆరాలకి జడిసి ఆపుకున్నవాళ్ళే ఎక్కువ. ఆవిడకి చాటుగా 'సీసీ కెమెరా' అని పేరు పెట్టారు. కెమెరాకైనా కరెంటు పోతుంది, ఈవిడకి అదీ లేదని కూలీల్లో ఒకతె, అంకమ్మ, పళ్ళు నూరేది.

పది రోజుల కిందట శ్రీదివ్య అనే అయిదోనెల గర్భిణి కాయల కుప్ప మీదే కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ వారంలోనే పై అధికారులకి ఒక అర్జీ వెళ్ళింది. మరుగుదొడ్డి కట్టించాలి, మంచినీళ్ళు పెట్టించాలి, మాస్కులివ్వాలి. శ్రీదివ్య పడిన రోజూ గంటా అందులో ఉన్నాయి. మూత్రంలో మంటతో ఎవరెవరు ఎన్నాళ్ళు ఆసుపత్రి చుట్టూ తిరిగారో పేర్లతో సహా ఉంది. రాత బస్టాండు దగ్గర అర్జీలు రాసిపెట్టే మనిషిది. అతను ఊరందరికీ రాస్తాడు. కింద మాత్రం 'ఇట్లు, షెడ్డులో ఒక ఆడమనిషి' అని, పక్కన వేలిముద్ర.

అధికారుల దగ్గర కాగితాలు మోసే పుణ్యాత్ముడొకడు ఆ అర్జీని నేరుగా మోసుకొచ్చి కోటిలింగం చేతిలోనే పెట్టాడు. కోటిలింగానికి మిర్చి ఘాటు పడుతుంది, అర్జీ పడదు. అది అతనికి పాత ఎలర్జీ.

ఇది లోపలి మనిషి పనేనని అతను తేల్చేశాడు. ముద్ర ఎవరిదో దొరికితే ఆమెకి ఈ షెడ్డులోనే కాదు, ఈ రోడ్డు పొడుగునా ఏ షెడ్డులోనూ పని ఉండదని అందరికీ వినబడేలా చెప్పాడు. చెబుతున్నంతసేపూ అంకమ్మనే చూశాడు. ముప్పై ఎనిమిది మందిలో నోరున్నది ఆమె. ఆమె రెక్కల మీద ఇంట్లో నలుగురు తింటున్నారు.

ముద్రలు పడ్డాయి. కోటిలింగం భూతద్దం తెప్పించుకుని, ఒక్కొక్కటీ అర్జీ పక్కన పెట్టి చూశాడు. ముప్పై ఎనిమిదీ నల్లటి మచ్చలే. ఒక్క గీత లేదు. మళ్ళీ వేయించాడు. మళ్ళీ మచ్చలే.

"వేషాలేస్తున్నారా? సరిగ్గా ఒత్తండే" అన్నాడు.

అంకమ్మ వరసలోంచి బయటికి వచ్చి, పగుళ్ళుదేరిన బొటనవేలు అతని కళ్ళముందు పెట్టింది.

"ఈ వేళ్ళకి గీతలెక్కడియ్యండీ? మీ కాయల తొడిమలు తుంచి తుంచి అరిగిపోయాయి. రేషన్ మిషనే మమ్మల్ని మనుషులని ఒప్పుకోట్లేదు, మీ భూతద్దం ఒప్పుకుద్దా?"

కోటిలింగం నోరు తెరిచేలోపు అర్జీ ఆమె చేతిలోకి వెళ్ళింది. కాసేపు దాన్నే చూసింది. కోపం పోలేదు గానీ, దాని పక్కన ఆశ్చర్యం వచ్చి చేరింది.

"ఇది చూశారా? దువ్వెనతో దువ్వినట్టున్నాయి గీతలు. జన్మలో తొడిమ తుంచిన వేలు కాదండీ ఇది."

కోటిలింగం గుమస్తా వైపు తిరిగాడు. నాగేంద్రబాబు తనకి సంతకం వచ్చునంటూ రెండడుగులు వెనక్కి వేశాడు.

"మరి ఎవరిదే ఇది?" అని కోటిలింగం మళ్ళీ అంకమ్మ మీదికే వెళ్ళాడు.

"అందరి చేతా వేయించావు, నన్నొక్కదాన్నే వదిలేశావేరా" అంటూ వెంకటరావమ్మ ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి వచ్చి, ఇంకులో బొటనవేలు అద్ది, అర్జీ మీది ముద్ర పక్కనే గట్టిగా ఒత్తింది, గీతకి గీత సరిపోయింది.