ఖాళీ బ్రాకెట్

“ఇది ఎవరి మాట?” అంటూ గైడు గారు పెన్ను మొనతో పదకొండో పేజీలో ఒక వాక్యాన్ని పొడిచారు.

ఎదురుగా నిలబడ్డ పరిశోధక విద్యార్థిని గడ్డం కింద తడుముకుంది. ఏమీ తోచనప్పుడు ఆమె చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది.

ఆమె రాసిన మొదటి పేపరు అది. చిన్న చిన్న దర్జీ కొట్ల పనితనం గురించి. పిల్లల స్కూలు గౌన్లు ఏడాది తిరిగేసరికి పొట్టయిపోతాయి కాబట్టి దర్జీలు అంచు లోపల ఒక మడత దాచి కుడతారు. గౌను ఏ రంగుదైనా సరే, ఆ మడతకు మాత్రం ఎర్ర దారమే వాడతారు. తర్వాత తల్లి ఇంట్లో బ్లేడుతో విప్పుకునేటప్పుడు దారం కొట్టొచ్చినట్టు కనబడుతుంది, గుడ్డ తెగదు. పేపరు మొత్తం ఆ ఒక్క సంగతి మీదే నిలబడి ఉంది.

గైడు గారిని డిపార్టుమెంటులో అందరూ చాటుగా బ్రాకెట్ సారంటారు. క్లాసులో జోకు చెప్పినా, అది తనకు ఎవరు చెప్పారో చెప్పాకే నవ్వనిస్తారు. సొంతంగా మొదలుపెట్టినదానికి బ్రాకెట్ అక్కర్లేదు, ఇంకొకరి దగ్గర తీసుకున్నదానికి పక్కనే బ్రాకెట్లో వాళ్ళ పేరు లేకపోతే దొంగతనమే అన్నది ఆయన మాట.

“దర్జీలందరూ అలాగే కుడతారు సర్. నా చిన్నప్పటి గౌన్లూ అంతే.”

“అందరూ అనే పేరుతో మనిషెవరూ ఉండరమ్మా. మొదలుపెట్టిందెవరో కనుక్కో. శుక్రవారం లోపల తేలకపోతే పేపరు సదస్సుకి పంపను.”

ఇప్పుడు పంపకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. రెండేళ్ళపాటు కొట్లలో స్టూళ్ళ మీద కూచుని సంపాదించిన పని. ఆమె ఆ వాక్యం పక్కన ఒక ఖాళీ బ్రాకెట్ పెట్టుకుని, తను చూసిన మూడు కొట్ల వెంటా పడింది.

మొదటి కొట్టు దర్జీ మెడలో టేపు సవరించుకుంటూ, తన పేరే రాసేయమన్నాడు, ఇంట్లో ఆవిడకి చూపించుకుంటానన్నాడు. ఆమెకు క్షణంపాటు ఆశ పుట్టిన మాట నిజమే. కానీ నేర్పిందెవరని అడిగేసరికి అతను నవ్వు ఆపి, “మా పెద్దమ్మ” అన్నాడు. మిగిలిన రెండు కొట్ల వాళ్ళూ ఆ పెద్దమ్మ మిషను పక్కన కూచుని పని నేర్చినవాళ్ళే.

గురువారం మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి పెద్దమ్మ కిటికీ దగ్గర కూచుని సూదిలో దారం ఎక్కించలేక విసుక్కుంటోంది. కళ్ళజోడు బాగుచేయడానికి ఇచ్చిందట. విద్యార్థిని ఎక్కించి ఇచ్చి, తను వచ్చిన పని చెప్పింది.

పెద్దమ్మ పకపకా నవ్వింది. “నా తెలివా పాడా! ఒక పిల్ల చేసిన నిర్వాకం అమ్మాయ్. కొలతలకని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. నాలుగేళ్ళుంటాయేమో. బల్ల మీదున్న ఎర్ర దారం రీలు కావాలని పేచీ. ఇవ్వనంటే స్టూలెక్కి అందుకోబోయి దబ్బున మిషను మీద పడింది. రెండు కుట్లు పడ్డాయి. నా ప్రాణం విలవిల్లాడిపోయింది. పోనీ పాపం, పైకి కనబడదు కదా అని, దాని గౌను లోపలి మడత ఆ ఎర్ర దారంతోనే కుట్టిచ్చాను. ఏడాదయ్యాక వాళ్ళమ్మ వచ్చి, విప్పడం ఎంత తేలికైందో, ఇకమీదట అన్నీ ఇలాగే కుట్టమంది. అదీ కథ. పేరు రాయాలంటే ఆ పిల్లది రాయి. అదేమిటో నాకు గుర్తుంటేగా.”

రాసుకుంటున్న పెన్ను ఆగిపోయింది. పెద్దమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, ఆ ముడతల చేతిని కాసేపు పట్టుకుని కూచుని, ఆమె బయల్దేరింది. బస్సులోంచి తల్లికి ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. అవతల తల్లి నవ్వు ఎంతకీ ఆగలేదు.

శుక్రవారం గైడు గారు పదకొండో పేజీ తిప్పి కనుబొమలు ఎగరేశారు. “బ్రాకెట్ ఏదీ?”

“తీసేశాను సర్. పెద్దమ్మ గారు చెప్పిన వివరాలన్నిటి పక్కనా ఆవిడ పేరుంది. ఎర్ర దారం వాక్యానికి మాత్రం అక్కర్లేదు.”

“అక్కర్లేదా? అంటే, అది నీ సొంతమా? రుజువేమిటమ్మా?”

ఆమె నవ్వుతూ గడ్డం పైకెత్తి, దాని కింద రెండు కుట్ల మచ్చ చూపించింది.