వంటింటి అడ్రస్

మా ఆయన చిన్న వైర్‌లెస్ నెట్ కంపెనీ నడుపుతారు. బయటివాళ్లు నెట్‌లో నేరుగా మన ఇంటి మిషన్లలోకి రావాలంటే, ఇంటి నంబరులా వాటికో పబ్లిక్ అడ్రస్ ఉండాలి. అవేమో కరువు. అందుకని పాలల్లోకి తోడు అడిగినట్టు, ఊళ్లోవాళ్లు వాటిని మా ఆయన దగ్గర అరువు అడుగుతారు.

ఆ కార్తీక సోమవారం పొద్దున్నే పక్కింటి సుభాషిణిగారు పరుగున వచ్చారు.

"విశాఖ డాక్టరుగారు అక్కణ్నుంచే మా ఆయన కంటికి లేజర్ చెయ్యాలి వదినగారూ. ఇక్కడి ఆస్పత్రిలో మిషనుంది, దానికి అడ్రస్ లేదు. ఇవాళ దాటితే చూపు పోతుందట!"

మా ఆయన తల గోక్కున్నారు. "ఒక్కటీ ఖాళీ లేదమ్మా."

"మన వంటింటి కెమెరాది ఉందిగా," అన్నాను. గుంటూరులో కూర్చుని మా అత్తగారు రోజూ నా వంట చూసేది దాంతోనే.

"అమ్మ ఊరుకోదే!"

"పుణ్యం ఆవిడ పేరునే వేద్దాం లెండి."

అడ్రస్ అటు మార్చారు, వంటింటి కెమెరా ఆగిపోయింది. మధ్యాహ్నానికల్లా సుభాషిణిగారి ఆయన చూపు దక్కింది. నేనే ఫోన్ చేసి చెబితే అత్తగారు పొంగిపోయారు.

"కార్తీకంలో ఎంత పుణ్యమే! నెలంతా ఆ అడ్రస్ ఎవరడిగినా ఇచ్చెయ్యి. నువ్వు మాత్రం ఉల్లి ముట్టకు."

"అలాగే అత్తయ్యా," అని ఫోన్ పెట్టేసి, పకోడీల పిండిలో ఉల్లిపాయలు కలిపాను.