కోరానికి ఒక్కరు

"ఒక్కణ్ణి పట్టుకురా, మార్షల్. ఒక్కడు చాలు," అన్నాడు ముఖ్యమంత్రి, ప్రతిపక్షం వారి ఖాళీ బల్లలను చూసి పళ్లు నూరుతూ.

పిల్లల పార్కును ఒక వ్యాపారికి అమ్మే బిల్లు ఓటుకు రాగానే ప్రతిపక్షం మూకుమ్మడిగా వాకౌట్ చేసింది. ఓటు చెల్లడానికి సభలో ఉండాల్సిన సంఖ్యకు, అంటే కోరానికి, ఒక్క సభ్యుడు తక్కువ. సమావేశాలకు అదే చివరి రోజు. అయిదు గంటలలోగా ఆ ఒక్కడూ దొరకకపోతే బిల్లు అటకెక్కినట్టే.

ఆ లెక్కలోకి రాని సభాపతి, వాకౌట్ అయిన కాసేపటి నుంచీ విడవని దగ్గు మధ్యనే, "సభ ఆజ్ఞ. ఎక్కడున్నా తీసుకురా," అన్నాడు గంభీరంగా.

ఆ పార్కులోని ఉయ్యాలే మార్షల్ మనవరాలికి లోకం. "తాతా, రేపు కూడా ఉంటుందా?" అని ఆ పిల్ల పొద్దున్నే అడిగింది. అయినా సభ మాట ఏనాడూ జవదాటినవాడు కాడు. దొరకకూడదని దేవుణ్ణి వేడుకుంటూనే, దొరికేటట్టుగా వెదికాడు. ఇళ్లు, హోటళ్లు, ఆసుపత్రి, చివరికి సెలూను. సీతమ్మను వెదకిన వానరులు సైతం ఇన్ని చోట్ల గాలించి ఉండరు.

నాలుక పిడచకట్టుకుపోయి, సభ వెనకనే ఉన్న సభాపతి బంగళాలో మంచినీళ్లు అడిగాడు. సభాపతి భార్య గుమ్మంలోనే నిలబడి గ్లాసు అందించింది.

అంతలో వంటింట్లో నుంచి ఒక తుమ్ము. మైకులను అదరగొట్టే ఆ తుమ్ము ప్రతిపక్ష నాయకుడిదే.

"మా పిల్లి," అన్నదావిడ, రెప్ప ఆర్పకుండా.

లోపల నలుగురైదుగురు నవ్వు ఆపుకుంటున్న చప్పుడు.

"ఒక్కటేనా, అమ్మగారూ?"

"పిల్లలు పెట్టింది."

నాలుగడుగులు వేస్తే చాలు, కొలువు నిలుస్తుంది. వేయకపోతే ఉయ్యాల నిలుస్తుంది. 'పాపం, తన కొంపలోనే ఇంత జరుగుతోందని తెలిస్తే అయ్యగారు ఏమైపోతారో' అనుకున్నాడు మార్షల్.

జేబులో ఫోను మోగింది. సభాపతి.

"అంతటా వెదికావా?"

"వెదికానండి."

"ఎవరైనా దొరికారా?"

కొలువులో చేరాక మార్షల్ తొలిసారి అబద్ధమాడాడు. "నరమానవుడు లేడండి. ఒక పిల్లి తప్ప."

అవతల నుంచి దగ్గు వినిపించింది. ఆపైన సభాపతి గొంతు తగ్గించాడు.

"అయిదు కావడానికి ఇంకా కాస్త ఉంది. ఆ వంటింటి కిటికీ మూయమని మా ఆవిడతో చెప్పు. ఆ పిల్లి తుమ్మినప్పుడల్లా సభలో ఎవరికీ వినబడకుండా ఇక్కడ నేను దగ్గలేక చస్తున్నాను."