తల్లి నమూనా

“సూది గుచ్చకముందే చెయ్యి లాగేసుకుంటే ఎలాగమ్మా?” అంది నర్సు, రబ్బరు పట్టీ మళ్లీ విప్పుతూ.

తల్లి ఆ చేతిని ఒళ్లో దాచుకుంది. పక్కనే నిలబడ్డ కూతురికి కోపం రావాల్సింది, రాలేదు. విద్యార్థులు చాటుగా పులి అని పిలుచుకునే శాస్త్రవేత్త ఆమె. సొంత ప్రయోగశాలలో ఇవాళ పిల్లిలా నిలబడి ఉంది.

నర్సుని కాసేపు బయట ఉండమని చెప్పి తలుపు దగ్గరగా వేసింది.

“ఒక్క గొట్టం రక్తం అమ్మా. చీమ కుట్టినట్టుంటుంది, అంతే.”

“నాకు సూదంటే భయం.”

“పోయిన నెల జ్వరమొస్తే ఇంజెక్షన్ వేయమని నువ్వే డాక్టరుని బతిమాలావు. అప్పుడు లేని భయం ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?”

తల్లి కిటికీ వైపు చూసింది.

కూతురికి సంగతి అర్థమైందనిపించింది. భర్తనీ మరిదినీ ఒకే జబ్బు ఎత్తుకుపోయిన మనిషి. ఇద్దరికీ జీర్ణాశయంలో కేన్సర్. ఇద్దరూ నలభై నిండకుండానే పోయారు. ఇప్పుడు కూతురికి ముప్పై తొమ్మిది. కూతురి పరీక్ష ఫలితం వినే ధైర్యం ఏ తల్లికి ఉంటుంది?

ఆ జబ్బు గుట్టు విప్పింది ఈ కూతురే. ఒంట్లో కణాలకూ ముసలితనం ఉంటుంది. వయసు మళ్లిన కణం పెరగడం ఆపి పక్కకు తప్పుకోవాలి. తప్పుకోనని మొండికేస్తే అదే కేన్సర్. కణానికి దాని వయసు గుర్తుచేసే జన్యువొకటి తన తండ్రి వంశంలో చెడిపోయిందని ఆమె ఏళ్ల తరబడి శ్రమపడి పట్టుకుంది. దాన్ని ముందే కనిపెట్టే పరీక్షనూ తయారుచేసింది. ఆ పరీక్ష పుణ్యమా అని బతికి బట్టకట్టిన కుటుంబాలు ఎన్నో. తను మాత్రం ఇన్నాళ్లూ చేయించుకోలేదు. ఎవరైనా పెళ్లి మాటెత్తితే, “నా పిల్లలకు నేనిచ్చే ఆస్తి ఇదా?” అని నోరు మూయించేది. అందరి భయాలూ తీర్చిన మనిషి తన భయాన్ని మాత్రం దుప్పటి కప్పి పడుకోబెట్టింది.

పోయిన వారం కడుపులో మంట మొదలయ్యాక ఇక దాచుకోలేకపోయింది. తన రక్తం తనే పరీక్షకు పెట్టుకుంది.

“నా జన్యువులో మార్పు అనుమానంగా కనబడింది, అమ్మా. కానీ అచ్చం అలాగే కనబడే రకం ఇంకొకటుంది. అది ఏ హానీ చెయ్యదు. అది నీ నుంచి వచ్చిందని తేలితే నాకేం కాదు. నీలో లేకపోతే నాన్న నుంచి వచ్చినట్టే. తల్లి నమూనా పక్కన పెట్టి చూడందే ఫలితం చెప్పకూడదని నియమం పెట్టింది నేనే.”

“చూడకపోతే ఏమవుతుంది?”

“సోమవారం ఆపరేషన్. జీర్ణాశయం మొత్తం తీసేస్తారు.”

తల్లి మొహంలో నెత్తురు చుక్క లేదు. “మొత్తమా? మరి తిండి?”

“చంటిపిల్లలా కాస్త కాస్త. బతికినన్నాళ్లూ అంతే.”

“బాగున్నదాన్ని కోసేస్తారా?”

“బాగుందో లేదో తెలియకే కదమ్మా ఈ ఏడుపంతా!” కూతురు తల్లి కాళ్ల దగ్గర కూలబడింది. “నాకు భయంగా ఉందమ్మా. గుక్కెడు మంచినీళ్లు దిగక నాన్న ఎలా అల్లాడాడో చూశాను. మొండితనం ఆయన నుంచే వచ్చిందని అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇంకా ఏమేం వచ్చాయో తెలియక చస్తున్నాను.”

తల్లి కూతురి తల నిమిరింది.

“ఆపరేషన్ వద్దు. నీకా జబ్బు రాదు.”

“దీవిస్తే ఆగే జబ్బు కాదమ్మా అది.”

“దీవెన కాదే. నాకు తెలుసు.”

“ఇన్నేళ్లు దానితోనే తలపడ్డ నాకే తెలియనిది నీకెలా తెలుసు?”

తల్లి కూతురి చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

“చెబితే నన్ను వదిలేసి పోతావేమోనని ఇన్నాళ్లూ నోరు నొక్కుకున్నాను,” అంది.

“ఏం చెబితే?”

“నువ్వు మాకు పుట్టలేదమ్మా.”