పడని బంతి

ఆగిపోయిన పాత ఆటలన్నిటినీ ఇంటింటి గోడ తెరలు ఊహించి పూర్తి చేస్తున్న కాలం. ఆ సాయంత్రం చీరాలలో ఝాన్సీ వంతు వచ్చింది.

ఆడవాళ్ళ వాలీబాల్ లీగ్ రెండేళ్ళే బతికింది. ఫైనల్ ఆఖరి పాయింటులో స్టేడియం కరెంటు పోయింది. చీకట్లో తన జట్టు మెహరున్నీసాను "మెహరూ!" అని పిలిచిన ఝాన్సీ అరుపొక్కటే రికార్డయింది. ఆ తర్వాత లీగే లేదు. ఇప్పుడు ఆ ఇద్దరూ సరేనంటే తెర చూపిందే చరిత్ర.

ఝాన్సీ గోంగూర వలుస్తూ కళ్ళెత్తింది. తెరలో పడుచు ఝాన్సీ "మెహరూ!" అని అరిచి పక్కకు తప్పుకుంది. మెహరున్నీసా దూకింది కానీ అందుకోలేకపోయింది. బంతి నేలను తాకింది.

"మెహరున్నీసా గారు సరేనన్నారు. మీరు?" అని అడిగింది తెర.

ఝాన్సీ మెహరున్నీసాకు ఫోన్ చేసింది. "ఒప్పుకున్నావంట? బుద్ధుందా నీకు?"

"నన్నే పిలిచావు కదే. నా వల్లే ఓడామేమోనని నలభై ఏళ్ళుగా ఏడుస్తున్నా."

"ఎదుటివాళ్ళను ఏమార్చడానికి, బంతి తీసే మనిషి తన పేరు కాక పక్కదాని పేరు అరవాలనుకున్నాం! మర్చిపోయావా?"

"అయితే... నువ్వు తప్పుకోలేదా?"

"తప్పుకోవడమేంటే! చీకట్లో బంతి నా చేతులకు తగిలి పైకి లేచింది!"

"మరి తెరకు చెప్పు."

"చెప్తే ఇంకోటి అల్లుతుంది. ఆ బంతిని గాల్లోనే ఉండనీ."

"సరేనా?" అంది తెర మళ్ళీ.

ఝాన్సీ లేచి మెయిన్ స్విచ్ కట్టేసింది. ఇల్లు చీకటైంది. ఫోన్లో టక్కుమని స్విచ్ చప్పుడు, ఆ వెనకే మెహరు ఇంటి ఫ్యాను కూడా మెల్లగా ఆగిపోవడం వినిపించింది.